పుసి లేని ఎరుపు

నా ఎడమకన్ను ఎర్రబడిన రోజున దాన్ని కళ్ళకలక అనుకున్నాను. ఇంట్లో అందరూ అదే మాట అన్నారు. ఇంకెవరికీ అంటకూడదని తువాలు వేరు పెట్టుకుని, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ చుక్కలు నాలుగు రోజులు వేసుకున్నాను. నాకు నష్టం జరిగింది ఆ నాలుగు రోజుల్లోనే.

తేడాలు మొదటి రోజు నుంచీ కనబడుతూనే ఉన్నాయి. కళ్ళకలకలో తెల్లవారేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోతాయి, కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. నాకు పుసి అన్నదే లేదు. గరగరకు బదులు కనుగుడ్డు లోతుల్లోంచి కనుబొమ మీదికి పాకే సలుపు ఉండేది. ఎరుపు కూడా రెప్పల వైపు కాకుండా నల్లగుడ్డు చుట్టూ, కొంచెం ఊదా ఛాయతో వలయంలా కట్టింది. అన్నిటికన్నా విచిత్రమైనది వెలుతురు పెట్టే బాధ: ఎడమకన్నును అరచేత్తో పూర్తిగా మూసుకున్నా, కుడికంట్లో వెలుగు పడగానే మూసిన కన్నే కలుక్కుమనేది. ఒక కంట వెలుగు పడితే రెండు కనుపాపలూ ఒకేసారి ముడుచుకుంటాయనీ, వాచిన కంటికి ఆ కదలికే నొప్పి అనీ తర్వాత తెలిసింది.

ఐదో రోజున అక్షరాల మీద మంచు కమ్మినట్టు కావడంతో కంటి వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆమె కంటి లోపలి భాగాలను పెద్దవి చేసి చూపే స్లిట్ ల్యాంప్‌తో చాలాసేపు చూసి, "ఇది కళ్ళకలక కాదండీ, యువియైటిస్" అన్నారు. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయమైన ఐరిస్, దాని వెనకనున్న సిలియరీ బాడీ, రెటీనా వెనక పరుచుకున్న కోరాయిడ్, ఈ మూడూ కలిసిన పొరను యువియా అంటారు. నాకు వాచింది దాని ముందుభాగం. స్వచ్ఛంగా ఉండవలసిన కంటి లోపలి నీటిలో తెల్లరక్తకణాలు, ఎండపొడలో దుమ్ము రేణువుల్లాగా తేలుతున్నాయట. అంతకన్నా ఆమెను కలవరపెట్టిన సంగతి, ఐరిస్ అంచు రెండు చోట్ల వెనకనున్న లెన్సుకు అతుక్కుని నా కనుపాప గుండ్రదనం పోవడం.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు, కనుపాపను విప్పి ఉంచడానికి అట్రోపిన్ చుక్కలు రాశారు. ప్రెడ్నిసొలోన్ మందు సీసా అడుగుకు పేరుకుంటుంది గనుక ప్రతిసారీ బాగా కుదపాలనీ, రెండు మందుల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలనీ ఆమె ఓపికగా చెప్పారు. అట్రోపిన్ వల్ల దగ్గరి వస్తువులు అలుక్కుపోయి కొన్నాళ్ళు చదవలేకపోయాను గానీ, అతుకుల్లో ఒకటి విడిపోయింది. రెండోది నేటికీ అలాగే ఉంది.

పదకొండో రోజుకు కన్ను తెల్లబడింది, నొప్పి పోయింది. ఎవరినీ అడగకుండా చుక్కలు మానేశాను. ఐదు రోజులు తిరగకుండానే జబ్బు తిరగబెట్టింది. పైకి ఎరుపు తగ్గినా లోపలి కణాలు ఇంకా ఉండవచ్చుననీ, అవి తగ్గాయో లేదో స్లిట్ ల్యాంప్‌కే తెలుస్తుందనీ, స్టెరాయిడ్‌ను వారాల తరబడి మెట్టుమెట్టుగా దించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదనీ నాకు అప్పుడు గట్టిగా అర్థమైంది. అలాగని దాన్ని సొంతంగా కొనసాగించడమూ ప్రమాదమే. రెండో విడతలో నా కంటి లోపలి పీడనం 28 మి.మీ. పాదరసానికి పెరిగింది. సాధారణంగా అది 10 నుంచి 21 లోపు ఉంటుంది. దాన్ని తగ్గించే మరో చుక్కల మందు కలపవలసి వచ్చింది. ఆ పరీక్ష చేయించుకోకుండా ఇంట్లోనే వేసుకుంటూ పోయి ఉంటే, నీటికాసుల వ్యాధి ఏ నొప్పీ లేకుండా చూపును హరించేది.

ఆ విడతలోనే ఆమె కంటికి సంబంధం లేనట్టు తోచిన ప్రశ్న వేశారు: "పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోతుందా?" కొన్నేళ్ళుగా అదే బాధ, కాసేపు నడిస్తే తగ్గేది, కూర్చుని చేసే పని వల్లనే అనుకునేదాన్ని. ఆ సంగతి నేనెన్నడూ ఎవరికీ చెప్పలేదు. క్షయ, సిఫిలిస్ వంటి కారణాలు లేవని రక్తపరీక్షలూ ఛాతీ ఎక్స్‌రే తేల్చాయి. ఈ కంటివాపుతోనూ వెన్నెముక వాతంతోనూ ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు గుర్తు మాత్రం పాజిటివ్ వచ్చింది. కీళ్ళవ్యాధుల నిపుణుడు వెన్నెముక వాతాన్ని నిర్ధారించి మందులు ఇచ్చారు, రోజూ వ్యాయామం చేయమన్నారు. కంటి జబ్బుకు వెళ్ళి నడుము జబ్బు కనుక్కున్నందుకు ఆ వైద్యురాలికి నేనెంతో రుణపడి ఉన్నాను.

రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం కుడికంట్లో అదే సలుపు తెలిసింది. ఎడమకంటి మీద టార్చి వేసుకున్నాను. మూసిన కుడికన్ను నొచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. కణాలు కొద్దిగానే ఉన్నాయి, అతుకులేమీ పడలేదు. ఆరు వారాల చుక్కల పట్టికను గోడకు అంటించుకుని, వేసుకున్న ప్రతి చుక్కకూ టిక్కు పెట్టుకుంటూ చివరి గడి దాకా వెళ్ళాను. ఆఖరి పరీక్షలో పీడనం 16 ఉంది, కుడి కనుపాప గుండ్రంగా ఉంది.