ఊపిరి వదిలితే ఆగింది

ఇవాళ నేను స్వారీ నేర్చుకుంటున్న గుర్రం చుక్కను పగ్గాలు లాగకుండా ఆపాను. ఈ ముక్క రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

గ్రౌండ్ అంచు వెంబడి మామూలు నడకలో తిరుగుతున్నాం. మాస్టారు మధ్యలో నిలబడి, "చేతులు కదపకమ్మా. నిటారుగా కూర్చుని ఊపిరి పూర్తిగా వదులు" అన్నారు. వదిలాను. భుజాలు దిగాయి, బరువు జీనులో కుదురుకుంది, దాని నడకతో పాటు ఊగుతున్న నా నడుము నిలిచిపోయింది. చుక్క ఇంకో రెండడుగులు వేసి ఆగింది. ఎడమ చెవి వెనక్కి తిప్పి, తర్వాతేంటి అన్నట్టు నిలబడింది. ఎంత సంతోషం వేసిందంటే, ముందుకు వంగి జూలులో చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాను.

ఇందులో మాయేమీ లేదు. ఒంటి మీద ఈగ వాలితే సరిగ్గా ఆ చోటే చర్మాన్ని అదిలించే జంతువు గుర్రం. వీపు మీద కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టిందో వదిలిందో దానికి తెలియకుండా ఎలా ఉంటుంది?

హాన్స్ గుర్తొచ్చింది. 1900ల మొదట్లో జర్మనీలో ఉండేది ఆ గుర్రం. లెక్కలు చేస్తుందని పేరు. ప్రశ్న అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేల తట్టేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో అసలు సంగతి తేల్చాడు. అడిగేవాళ్లకే జవాబు తెలియకపోతే హాన్స్ కూడా చెప్పలేకపోయేది. సరైన అంకె రాగానే వాళ్ల తల, ముఖం వాళ్లకే తెలియకుండా రవ్వంత కదిలేవి, అది చూసి తట్టడం ఆపేసేది. గుర్రం తెలివి బండారం బయటపడ్డ కథగా దీన్ని చెప్పుకుంటారు. నాకైతే అది చదివాక హాన్స్ మీద గౌరవం రెట్టింపయింది. అంతమంది పెద్దలు తమలో తాము గమనించుకోని కదలికను అది పట్టేసింది!

ఆ చూపు ముందు దాపరికం కుదరదు. ఆఫీసులో లోపల ఎంత గాభరాగా ఉన్నా మొహం మీద నవ్వు పెట్టుకుని నెట్టుకురావచ్చు. జీను మీద ఆ నవ్వు పనికిరాదు, తొడలు బిగుసుకున్న సంగతి చుక్కకు ముందే అందుతుంది. అందుకే ధైర్యంగా కనిపించడం మానేసి, నిజంగానే కుదుటపడటం నేర్చుకుంటున్నాను. గాలికి గ్రౌండ్ మూలన కప్పిన టార్పాలిన్ టపటపమని కొట్టుకుంది ఇవాళ. చుక్క తల ఎత్తేసింది, మెడ కర్రలా బిగిసింది. వేటాడే జంతువులకు ఆహారమైన జాతి కదా, ముందు పరుగు, తర్వాతే ఆలోచన. టార్పాలిన్ వైపు చూడకుండా, వెళ్లాల్సిన మలుపు వైపు చూపు నిలిపి, మళ్లీ అదే పొడుగాటి ఊపిరి వదిలాను. ముక్కు పుటాలు ఎగరేసి ఒకసారి బుసకొట్టింది, తల దించి నడిచింది.

ట్రాట్, అంటే నడక కన్నా వేగమైన చిన్న పరుగు, కూడా బాగా కుదిరింది. ఈ నడకలో ఎదురెదురు మూలల కాళ్లు జతగా కదులుతాయి, రెండే దరువులు. తిరిగే వలయానికి బయటివైపు ఉన్న ముందుకాలు ముందుకు సాగినప్పుడు జీను మీంచి లేవాలి. అదే క్షణంలో దాని జత అయిన లోపలివైపు వెనకకాలు గాల్లో లేచి పొట్ట కిందికి వస్తుంది, మన బరువు లేకపోతే ఆ కాలు హాయిగా ముందుకు వస్తుంది. దీనికోసం ఎప్పుడూ భుజం వైపు దొంగచూపులు చూసేదాన్ని. ఇవాళ చూడకుండానే కూర్చున్న చోటు నుంచి తెలిసింది.

గుర్రం దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది వదలడం. కాలితో మెల్లగా నొక్కుతాం, అది కదిలిన మరుక్షణం ఒత్తిడి తీసేస్తాం. నొక్కుడు అడగడానికే. "సరిగ్గా చేశావు" అని దానికి చెప్పేది ఒత్తిడి పోయిన ఆ క్షణం. ఆలస్యంగా వదిలితే దేనికి వదిలామో దానికి అర్థం కాదు. అసలు వదలకుండా నొక్కుతూ ఉంటే కొన్నాళ్లకు మొద్దుబారిపోతుంది, అలాంటి గుర్రాన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇంట్లో కూడా ఇదే పాటిస్తున్నాను. అమ్మాయి లెక్క సొంతంగా పట్టాలెక్కించిందని తెలియగానే పక్కనుంచి లేచి వెళ్లిపోతున్నాను. దాని మొహంలో వెలుగు చూడాలి!

బలం ఉంటేనే స్వారీ అనేవాళ్లకు నేను లిస్ హార్టెల్ గురించి చెప్తుంటాను. డెన్మార్క్ ఆవిడ. పోలియోతో మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి, గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మనిషి సాయం కావాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, ఆడవాళ్లను డ్రెస్సాజ్‌లో (గుర్రం చేత కుదురైన, లయబద్ధమైన కదలికలు చేయించే పోటీలో) మొదటిసారి పోటీకి అనుమతించిన ఏడాదే, మగవాళ్లతో తలపడి రజతం గెలిచింది. నాలుగేళ్లకు మళ్లీ రజతమే. కాళ్లతో చెప్పలేనిది నడుముతో, బరువుతో చెప్పింది.

స్వారీ అయ్యాక డెక్కలు శుభ్రం చేశాను. మడమ వైపు నుంచి ముందుకు గీకుతూ, మధ్యలో ఉండే మెత్తటి త్రికోణానికి తగలకుండా. కుడి ముందుకాలిలో చిన్న రాయి ఇరుక్కుని ఉంది, తీసేశాను. కుంటలేదు కానీ రేపు పొద్దున ఒకసారి చూడమని మాస్టారికి చెప్పాను. అంతా బాగుంటే వచ్చే పాఠంలో కాంటర్, అంటే ట్రాట్ కన్నా వేగమైన పరుగు, మొదలుపెడదామన్నారు.