సగం తోడేలు అన్న మాట

కెనడా ఉత్తర ధ్రువప్రాంతంలోని ఇకాలుయిట్ విమానాశ్రయంలో సరకు దించే పనిలో చేరాక నాకు ఇది నాలుగో శీతకాలం. దేశంలోని మిగతా ఊళ్ల నుంచి ఇక్కడికి రోడ్డు లేదు. వేసవిలో ఓడలు తెచ్చేది పోగా, కూరగాయల నుంచి మందుల దాకా అన్నీ ఒట్టావా నుంచి మూడు గంటలు ఎగిరి వచ్చే విమానాల్లోనే దిగుతాయి. ఆ సరకులో కుక్కల మేత బస్తాలు కూడా ఉంటాయి. వాటిని తీసుకువెళ్లడానికి వచ్చే ఇక్కడి మూలవాసులైన ఇనుయిట్లలో ఒక పెద్దాయనతో పరిచయం కావడం వల్లనే, నేను చాలాకాలంగా నమ్మిన ఒక విషయం సరైనది కాదని తెలిసింది.

ఇనుయిట్లు ఎదకు వచ్చిన ఆడకుక్కను ఊరికి దూరంగా కట్టేసి వస్తారని, తోడేలు వచ్చి దానితో జతకడుతుందని, మంచుబండి లాగే కుక్కల సత్తువకు కారణం ఆ రక్తమేనని కొత్తగా వచ్చినవారికి ఇక్కడ ఎవరో ఒకరు చెబుతారు. పాత యాత్రికుల రాతల్లో కూడా ఈ మాట కనిపిస్తుంది. మందల మీద పడే తోడేళ్ల గురించి వింటూ అనంతపురం పల్లెలో పెరిగిన నాకు అది సులభంగానే నమ్మశక్యమైంది.

అందుకే ఒకనాడు బస్తాలు ఎత్తిపెడుతూ, ఆయన కుక్కల్లో తోడేలు రక్తం ఎంత ఉందని అడిగాను. ఆయన కోప్పడలేదు కానీ, ఆ ఆదివారం గడ్డకట్టిన సముద్రం మీద కుక్కలను గొలుసులతో కట్టివుంచిన చోటికి నన్ను తీసుకువెళ్లారు. కుక్కను వాళ్లు కిమ్మిక్ అంటారు, తోడేలును అమారుక్ అంటారు. కిమ్మిక్ తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుందని, ఛాతీ వెడల్పని, అమారుక్‌కు తోక కిందికి వేలాడుతుందని, కాళ్లు పొడవని, ఛాతీ సన్నమని ఒక్కొక్కటీ చూపించారు. తన తండ్రి కాలంలో ఎవరో అలాంటి సంకరపు పిల్లలను పెంచారట. అవి మనిషి దగ్గరికి వస్తే బెదిరేవట, పట్టెడ కడితే కొరికి తెంపేవట, తిండి దగ్గర తోటి కుక్కలను చంపేదాకా వెళ్లేవట. ఆ తర్వాత వాళ్లింట్లో మళ్లీ ఎవరూ ఆ ప్రయత్నం చేయలేదన్నారు.

ఇక్కడ మంచుబండికి కుక్కలను జంటలుగా కట్టరు. ఒక్కొక్కదానికి వేరే తాడు వేసి, విసనకర్ర విప్పినట్టుగా పరచి కడతారు. అన్నిటికంటే పొడవైన తాడు ముందు నడిచే కుక్కదే. మంచు పలచబడినచోట పక్కకు తప్పుకోవడం, పిలుపు విని తిరగడం, ఆకలిగా ఉన్నా లాగుతూనే ఉండడం, ఇవన్నీ చూసి ఏ కుక్క పిల్లలను ఉంచుకోవాలో నిర్ణయిస్తారు. వీరి పూర్వీకులు అలాస్కా వైపు నుంచి కుక్కలతో వచ్చి సుమారు 1,000 ఏళ్లయింది. 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధనలో, సైబీరియాలోని జోఖోవ్ దీవిలో దొరికిన 9,500 ఏళ్ల నాటి కుక్కను, ఇక్కడి కుక్కలకు దగ్గరి చుట్టాలైన గ్రీన్‌లాండ్ బండికుక్కలతో పోల్చి చూశారు. ఈ కుక్కలకు ఆ పాత వంశంతో దగ్గర చుట్టరికం కనిపించింది కానీ, అమెరికా ఉత్తర ధ్రువప్రాంతపు తోడేళ్ల నుంచి చెప్పుకోదగిన కలయిక కనిపించలేదు. అప్పుడప్పుడు ఎక్కడో జతకట్టి ఉండవచ్చు; ఈ జాతి మాత్రం దాని మీద నిలబడలేదు.

ఒంగోలు గిత్త బలాన్ని ఎవరైనా అడవిదున్నకు ఆపాదిస్తే మన రైతు ఊరుకుంటాడా? ‘సగం తోడేలు’ అన్నది పొగడ్తలా వినిపించినా, తరాల తరబడి ఏరి పెంచినవారి శ్రమను అది అడవికి అప్పగించేస్తుందని నాకు అనిపిస్తుంది. ఈ కుక్కలను ప్రమాదకరమైనవిగా చూసిన రోజులు కూడా ఉన్నాయి. 1950ల నుంచి 1970ల వరకు, కట్టివేయని కుక్కలను పోలీసులు కాల్చి చంపారు. వేటకు, ప్రయాణానికి ఆధారమైనవి పోయిన ఆ నష్టాన్ని ఇక్కడి ఇనుయిట్ల సంఘం ఏర్పాటు చేసిన కికిక్తానీ సత్య కమిషన్ 2010లో నివేదికగా వెలువరించింది. 2019 ఆగస్టులో సమాఖ్య ప్రభుత్వం ఇకాలుయిట్‌లోనే క్షమాపణ చెప్పింది. పెద్దాయన ఆ మాట ఎత్తినప్పుడు చాలాసేపు కుక్కల వైపే చూస్తూ ఉండిపోయారు.

పోయిన వారం మేత కోసం వచ్చినప్పుడు ఆయన కోటు లోపల ఒక కుక్కపిల్ల ఉంది. బయట మైనస్ 34 డిగ్రీలు. దాని తల్లి ఎవరో, ఆ తల్లికి తల్లి ఎవరి బండిలో ముందు నడిచేదో, అది ఏ ఊరి నుంచి వచ్చిందో వేళ్ల మీద లెక్కపెడుతూ ఐదు తరాలు చెప్పి, రసీదు మీద సంతకం చేసి వెళ్లారు.