ఎస్‌హెచ్-101కి మిడి కలిపిన శనివారం

నా పాత సింథ్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) ఎస్‌హెచ్-101ని కంప్యూటర్ వాయించేలా చేద్దామనుకున్నాను. దానికి మిడి కావాలి, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ స్వరాల సమాచారం పంపుకునే పద్ధతి. పొద్దున్నే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి, మిగిలిన సామాను తెచ్చుకున్నాను. ఒక 6ఎన్138 ఆప్టోకప్లర్, మిడి కేబుల్ గుచ్చే అయిదు పిన్నుల డిన్ సాకెట్, కొన్ని రెసిస్టర్లు. ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానో, అంకెని వోల్టేజీగా మార్చే ఎంసీపీ4822 చిప్పు ముందే ఇంట్లో ఉన్నాయి. భోజనాలయ్యేసరికి అన్నీ టంకం లేకుండా గుచ్చే బ్రెడ్‌బోర్డు మీదికెక్కాయి.

నా రోలాండ్ ఎస్‌హెచ్-101 పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన ఒక పెద్దాయన దగ్గర కొన్నది. 1982 నాటి మోడల్, 32 మెట్లు, ఒకసారికి ఒకే స్వరం. మిడికి కొద్దిలో ముందు వచ్చేసింది. 1983 జనవరిలో అమెరికాలో నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు సింథ్‌లని ఒక కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలకడం అందరికీ చూపించారు. రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి, అమెరికాలో ప్రాఫెట్ సింథ్‌లు చేసిన డేవ్ స్మిత్ ముందుండి నడిపిన పని అది. అదే ఇంట్లో పుట్టిన 101కి మాత్రం ఆ సాకెట్ లేదు.

నాకు మిడి కావాల్సింది చేతుల కోసం. ఈ సింథ్ అందమంతా ధ్వని రంగు మార్చే ఫిల్టర్ స్లైడర్లలో ఉంది. ఒక చెయ్యి మెట్ల మీద, ఒక చెయ్యి స్వరాన్ని వంచే బెండర్ మీద ఉంటే వాటిని కదిపేదెవరు? స్వరాలు కంప్యూటర్ పంపితే రెండు చేతులూ స్లైడర్ల మీదే పెట్టుకోవచ్చు.

చాలామంది పెట్టె విప్పి, లోపల బోర్డు పెట్టి, వెనక ప్లాస్టిక్‌కి రంధ్రం చేసి సాకెట్ బిగిస్తారు. నాకది మనస్కరించదు. వెనక సీవీ (ఏ స్వరమో చెప్పే వోల్టేజీ), గేట్ (స్వరం మొదలూ చివరా చెప్పేది) జాక్‌లు కంపెనీవాళ్లే ఇచ్చారు. నా సర్క్యూట్ బయట చిన్న డబ్బాలో ఉంటుంది. రేపు ఈ సింథ్ ఎవరి చేతికి వెళ్లినా, వైరు పీకేస్తే మళ్లీ ఎప్పటి 101 అయిపోవాలి.

పని జరిగే తీరు నాకు భలే నచ్చుతుంది. మిడిలో ఒక స్వరం మొదలవడానికి మూడు బైట్లు చాలు. సెకనుకు 31,250 బిట్ల వేగంతో అవి రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఆప్టోకప్లర్‌లో సిగ్నల్ వెలుతురుగా మారి అటు దాటుతుంది కాబట్టి కంప్యూటర్ గ్రౌండ్‌కీ ఇటు గ్రౌండ్‌కీ ఆ దారిన సంబంధం ఉండదు, హమ్ (గుయ్‌మనే మోత) రాదు. 101కి ఒక ఆక్టేవ్ (స్థాయి) అంటే ఒక వోల్టు. అంటే ఆక్టేవ్‌లో పన్నెండో వంతైన సెమీటోన్‌కి 83.3 మిల్లీవోల్టులు. ఎంసీపీ4822 4.096 వోల్టుల దాకా 4096 అడుగుల్లో ఇస్తుంది, అడుగుకి ఒక మిల్లీవోల్టు. సెమీటోన్‌లో వందో వంతు సెంటు అనుకుంటే, ఒక్కో అడుగు 1.2 సెంట్లు. అంత చిన్న తేడా వినేటప్పుడు తెలియదు.

నలభై ఏళ్లు దాటిన మెషిన్ కదా, కేబుల్ గుచ్చేముందు టెన్షన్‌గానే ఉంది. మల్టీమీటర్‌తో ప్రతి స్వరం వోల్టేజీ చూసుకుని, తర్వాతే కలిపాను. పలికింది! అరగంట వేడెక్కనిచ్చి ట్యూనర్‌తో చూస్తే పై ఆక్టేవ్‌లో కొద్దిగా శ్రుతి తగ్గుతోంది. లోపల శ్రుతి సరిచేసే ట్రిమ్మర్ ముట్టుకోలేదు. ఏ స్వరానికి ఎన్ని మిల్లీవోల్టులు కలపాలో ప్రోగ్రామ్‌లోనే పట్టిక రాశాను.

సాయంత్రం కళ్యాణి రాగంలో చిన్న సంచారం పెట్టాను. మిడి స్వరం అంటే ఒక అంకె, ని నుంచి సా కి గెంతుతుంది. గమకానికి స్వరాన్ని కొద్దికొద్దిగా జరిపే పిచ్ బెండ్ వాడాలి. అందులో 16,384 విలువలున్నాయి. రెండు సెమీటోన్లు పైకీ, రెండు కిందికీ పెట్టుకుంటే నా చిప్పుకి అది 333 అడుగులే, అయినా నున్నగానే వస్తోంది. ని నుంచి సా కి వాలుగా ఒక గీత గీసి వినిపించాను. అమ్మ వీణ నేర్చుకున్న మనిషి. వంటింట్లోంచే, "అలా జారితే ఎట్లా రా? ని మీంచి సా ని తాకి వెనక్కి రావాలి, మళ్లీ తాకాలి" అంది. వచ్చి పక్కన కూర్చుని పాడింది. ఆవిడ పాడుతుంటే గీతని మారుస్తూ పోయాను. తాకే చోట కొంచెం నిలిపి, వెనక్కి వచ్చేటప్పుడు వేగం పెంచితే, "ఆఁ, ఇదీ!" అంది. అప్పుడే నా చెయ్యి ఫిల్టర్‌ని తెరిచే కటాఫ్ స్లైడర్ మీద ఉంది, తాకిన ప్రతిసారీ కొద్దిగా తెరిచాను. ఆ నిషాదం ఎంత బాగుందో!

కటాఫ్‌ని కూడా మిడికి ఇవ్వాలంటే వెనక దానికి జాక్ లేదు, లోపల టంకం పెట్టాలి. అక్కర్లేదు, అది చేత్తో చేసే పనే.

రేపు బ్రెడ్‌బోర్డు నుంచి మామూలు బోర్డుకి మార్చాలి. అమ్మ తోడి గాంధారం అడిగింది. అది రి, మ ల మధ్య ఊగాలి. గా నుంచి అటు రెండు సెమీటోన్లు, ఇటు రెండు, బెండ్ పరిధి సరిగ్గా సరిపోతుంది. ఊపు వేగం ఆవిడ పాడితే రికార్డు చేసుకుని చూడాలి.