పెళ్లి పత్రిక వెనక రసీదు: ఆకేరు పనికి డబ్బు తెచ్చిన నా అనుభవం

మొన్న శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. మా వాగు బాగుచేసే పనికి ఒక కంపెనీ ఇస్తానన్న డబ్బులో రెండో విడత 2,40,000 పడ్డాయట. నాలుగు నెలలు ఆగిన డబ్బు అది. సంతోషం సగం, కోపం సగం ఉంది. కోపం చల్లారితే రాయబుద్ధి కాదని ఇప్పుడే కూర్చున్నా.

మాది వరంగల్ జిల్లా వర్ధన్నపేట వైపు, ఆకేరు వాగు ఒడ్డు ఊరు. నేను రిటైరైన లెక్కల సారును. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా పరువు పోయింది దీని దగ్గరే. మా చిన్నప్పుడు ఎండాకాలంలో కూడా వాగు ఇసుకలో జానెడు తవ్వితే చెలిమ ఊరేది, దోసిలితో తాగేవాళ్లం. ఇప్పుడు అదే చోట సర్కారు తుమ్మ, బ్రిడ్జి కింద కోడి వ్యర్థాల సంచులు. 2024 సెప్టెంబర్ వరదకు మా చెక్‌డ్యాం కింది భాగం కోసుకుపోయింది, పైభాగమంతా పూడిపోయింది. తుమ్మ పీకాలి, పూడిక తీయాలి, కోతపడ్డ చోట రాయి పేర్చాలి, ఒడ్డున కానుగ, వెదురు పెట్టాలి. పని ఇంతే. దీనికి డబ్బెక్కడిది?

ముందు ఉపాధి హామీ కింద అడిగాం. దాంట్లో యంత్రం పెట్టనివ్వలేదు. సర్కారు తుమ్మ వేరును గడ్డపారతో పీకమన్నవాడు ఒక్కసారి పీకి చూపిస్తే బాగుండు.

ఇక మేమే ఒక సంస్థ పెట్టుకుని బయట డబ్బు అడుగుదామనుకున్నాం. సొసైటీ రిజిస్ట్రేషన్ తేలిగ్గానే అయింది. 2001 చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం ఇచ్చే దర్పణ్ నంబరు, ఆదాయపు పన్ను వాళ్ల మినహాయింపు కాగితాలు 12ఏ (సంస్థకు), 80జీ (విరాళం ఇచ్చేవాళ్లకు) అన్నీ హన్మకొండలో ఒక సీఏ చేసిపెట్టాడు. ఆధార్‌లో పేరు ఒక రకం, పాన్‌లో ఒక రకం ఉన్న ఇద్దరు సభ్యుల వల్ల నెల పోయింది. మీరు చేసేటప్పుడు ఊళ్లో పెద్దమనుషులని కాకుండా, కార్డుల్లో పేర్లు కలిసినవాళ్లని చూసి సభ్యులను పెట్టుకోండి.

ఇక కంపెనీల దగ్గరికి వెళ్లాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్ఆర్ అంటారు. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. అలాంటి డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి సంస్థలు సీఎస్ఆర్-1 అనే ఫారం కూడా నింపాలి. అదీ నింపుదామని కూర్చుంటే అప్పుడు చెప్పారు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం లేని సంస్థకు ఇవ్వడం కుదరదని. పుట్టి ఎనిమిది నెలలైన సంస్థ మాది. అనుభవం లేకపోతే పని ఇవ్వరు, పని ఇవ్వకపోతే అనుభవం రాదు. మా పదో తరగతి పిల్లలైనా దీంట్లో తప్పు పట్టుకుంటారు.

అందుకే హన్మకొండలో ఒక పాత సంస్థతో ఒప్పందం రాసుకున్నాం. భాగస్వామ్యం అని పెద్ద మాట గానీ, అసలు సంగతి ఇది: డబ్బు వాళ్ల ఖాతాకు వస్తుంది, పని మేం చేయిస్తాం, బిల్లులు మేం తేవాలి. ఖర్చులకు నాకు అడ్వాన్సు ఇస్తారు. పేరొస్తే వాళ్లకి, మాటొస్తే మాకు. అయినా వాళ్లను తిట్టలేను, వాళ్లు లేకపోతే హైదరాబాద్‌లో ఆ కంపెనీ గేటు దాటేవాళ్లం కాదు. మొత్తం 7,20,000 మూడు విడతల్లో ఇస్తామన్నారు.

వాగులో దిగడానికి అనుమతి మరో కథ. ఒక ఆఫీసులో వాగు మాది కాదన్నారు, ఇంకో ఆఫీసులో మాది కానీ గట్టు మాది కాదన్నారు. అందరి అనుమానం ఒక్కటే, ఇసుక కోసం వచ్చామని. తీసిన పూడిక పొలాలకే తప్ప ట్రిప్పు ఇసుక కూడా బయటికి పోదని గ్రామసభ తీర్మానం తెస్తే సంతకం పెట్టారు. తీర్మానం కాపీలు ఆరు తీసి పెట్టుకోండి. ప్రతి టేబులూ ఒరిజినలే అడుగుతుంది.

పని మొదలైంది. మొదటి విడత అయిపోయింది. రెండో విడత ఇవ్వాలంటే ఖర్చు లెక్కలు చూడాలని కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, సీఏ చదివింది. పాత సంస్థ ఆఫీసులో పెద్ద బల్ల, చుట్టూ ఎనిమిది మంది. నా ఫైలు ముందేసుకుంది.

కూలి మస్టర్లు, అంటే హాజరు పట్టీలు చూసింది. పద్నాలుగు మంది ఆడవాళ్ల వేలిముద్రలు, రోజువారీ ఫోటోలు ఉన్నాయి, ఒప్పుకుంది. 5,000 దాటిన రసీదుకు రెవెన్యూ స్టాంపు లేదని రెండు పక్కన పెట్టింది. మొక్కల బిల్లు సరే అంది. తర్వాత రెండు వేళ్లతో ఒక కాగితం పైకెత్తింది. మూల పసుపు అంటుకుని ఉంది.

అది పెళ్లి పత్రిక. దాని వెనక జేసీబీ ఓనరు రాసిన రసీదు: 31 గంటలు, గంటకు 1,300, మొత్తం 40,300, ముట్టినవి. ఆ రోజు ఏం జరిగిందంటే, సాయంత్రం మబ్బు పట్టింది. వాన పడితే మిషను వాగులోంచి బయటికి రాదు. డీజిలు డబ్బులిస్తేనే రాత్రి కూడా నడుపుతా అని ఓనరు బండి మీద వచ్చి కూర్చున్నాడు. అడ్వాన్సులోంచి నగదు లెక్కపెట్టి ఇచ్చా. రసీదుకు కాగితం లేకపోతే బండి కవరులోంచి ఎవరిదో పత్రిక తీసి వెనక రాశాడు. నాకది తప్పనిపించలేదు. పూడిక కళ్లెదురుగా లేస్తోంది గదా!

ఆ అమ్మాయి పత్రిక తిప్పి ముందువైపు చదివింది. చిరంజీవి ఎవరు, చి.ల.సౌ. ఎవరు, ముహూర్తం ఎన్నింటికి, అన్నీ పైకే చదివింది. "సార్, విందు ఖర్చు కూడా ప్రాజెక్టులోనే వేశారా?" అంది. బల్ల చుట్టూ నవ్వులు. నేనూ నవ్వబోయాను గానీ మూతి కదల్లేదు.

కాగితం సంగతి వదిలేద్దాం సార్, అసలు తప్పు అది కాదు అంది. ఒక్కరోజులో ఒక్కరికి 10,000 దాటి నగదు ఇస్తే మా లాంటి సంస్థల లెక్కల్లో అది ఖర్చుగా చెల్లదట. బ్యాంకు ద్వారానే ఇవ్వాలట. 40,300 కొట్టేసింది, ఎర్ర పెన్నుతో. ముప్పై ఒక్క ఏళ్లు అదే ఎర్ర పెన్ను నా చేతిలో ఉండేది.

"మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారు సార్?" అని అడిగింది, మామూలుగానే.

"సాంఘిక శాస్త్రం" అన్నాను.

పాత సంస్థ అకౌంటెంటు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. తల ఎత్తకుండా లెడ్జరులోకి ఇంకా వంగిపోయాడు. ఏడేళ్లు వరసగా మా బడిలో లెక్కల్లో ఒక్క పిల్లాడు తప్పలేదు, ఆ బ్యాచుల్లో ఒకటి వాడిది. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఆవిడ అడిగితే పన్ను నొప్పన్నా.

తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ ఆ రూలు ఒప్పందం రాసుకున్న రోజు ఎవరైనా తెలుగులో ఒక్క కాగితం మీద ఇచ్చారా? నలభై పేజీల ఇంగ్లిష్ కాగితాలు ఇచ్చి సంతకాలు తీసుకున్నారు. మీరు మాత్రం మొదటి రోజే అకౌంటెంటు పక్కన కూర్చుని ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని నోటితో చెప్పించుకుని రాసుకోండి.

ఆ 40,300 పూడ్చితేగాని రెండో విడత రాదు. పూర్వం చెరువు కట్టినవాడికి, బాగుచేసినవాడికి ఆయకట్టులో దశబంధం అని వాటా ఇచ్చేవారు. శాసనాల్లో ఉంది. ఇప్పుడు బాగుచేసినవాడే ఎదురు కట్టాలి. వాగు వెంట మోటార్లున్న రైతులు 62 మంది. తలా 650 అయితే లెక్క సరిగ్గా సరిపోతుంది, నడుస్తూ నోటి లెక్క వేశా. 59 మంది ఇచ్చారు. ముగ్గురు ఇవ్వలేదు. వాళ్లలో ఒకాయన బావి చెక్‌డ్యాంకు ఇరవై గజాల దూరంలో ఉంది, ఊట ఎక్కువ వచ్చేది ఆయనకే. ఆ 1,950 నా పింఛన్‌లోంచి పెట్టా. ఆయన ఇప్పుడు నన్ను చూస్తే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తాడు.

డబ్బు పడింది కాబట్టి నిన్న జేసీబీ ఓనరుకు ఫోన్ చేశా. మిగిలిన పూడికకు రమ్మని, ఈసారి డబ్బు ఖాతాలోనే వేస్తానని, పక్కా బిల్లు కావాలని చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"ఖాతాల ఏస్తే గంటకు నూరు ఎక్కువైతది సారూ" అన్నాడు.