బస్సు నడిపే అన్నకి ఫోన్ చేయకండి

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఉండేది నరసన్నపేట. పిల్లలతో పాటు స్కూల్ బస్సులోనే రాకపోకలు. నా సీటు డ్రైవర్ వెనకే.

అందుకే చూసిన మాటే చెబుతున్నాను. పొద్దున్న పూట మా డ్రైవర్ అన్నకి వచ్చే ఫోన్లు చాలావరకు పిల్లల ఇళ్ల నుంచే. "బాబూ, ఎంతవరకు వచ్చారేటి?" అని ఒకరు. "మా గుంటడు టిఫిన్ తింటన్నాడు, రెండు నిమిషాలు ఆగండి" అని ఇంకొకరు. సాయంత్రమైతే "పాప ఎక్కిందా?" అని. అందరూ బిడ్డ మీద బెంగతోనే చేస్తారు. కానీ ఆ ఫోన్ మోగేసరికి బస్సు మడపాం దాటి హైవే మీద ఉంటుంది. పక్కనుంచి ఒడిశా లారీలు దూసుకుపోతుంటాయి. చలికాలమైతే వంశధార వంతెన మీద పొగమంచు.

అన్నకి చత్వారం వచ్చింది. రోడ్డు బాగానే కనబడుతుంది, ఫోన్‌లో పేరు కనబడదు. అందుకని ఫోన్ తీసి, చెయ్యి చాపి, దూరంగా పట్టుకుని చూస్తాడు. దానికి మూడు సెకన్లు పడుతుందనుకుందాం. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బస్సు సెకనుకి 11 మీటర్లు పోతుంది. అంటే 33 మీటర్ల దూరం, నిండా పిల్లలున్న బస్సు ఎవరూ చూడకుండా పోయినట్టే.

బ్లూటూత్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఇంటి గొడవేదో చెవిలో మాట్లాడుకుంటూ ఒకరోజు అన్న సింగుపురం స్టాప్‌లో ఆపకుండా వెళ్లిపోయాడు. అక్కడ ఇద్దరు పిల్లలు చెయ్యి ఊపుతూ నిలబడే ఉన్నారు. అన్న కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. నేను కేకేస్తే గానీ బ్రేకు పడలేదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది బస్సు ఆగినప్పుడు. చాలామంది డ్రైవర్లు ఆగింది కదా అని అప్పుడే మెసేజ్‌లు చూస్తారు. దిగిన పిల్లాడు బస్సు ముందు నుంచే రోడ్డు దాటుతాడు. ఎల్‌కేజీ పిల్లలు అద్దం అంచు కిందే ఉండిపోతారు, సీట్లోంచి కనబడరు. పడిపోయిన వాటర్ బాటిల్ కోసం ఒకడు వంగాడనుకోండి. ఫోన్‌లోంచి తలెత్తిన డ్రైవర్‌కి ఎదురుగా ఖాళీ రోడ్డే కనబడుతుంది, గేరు వేస్తాడు.

2014 జులై 24న మాసాయిపేట రైల్వే క్రాసింగ్ దగ్గర స్కూల్ బస్సుని రైలు ఢీకొట్టినప్పుడు డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడని పత్రికల్లో వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లోనూ అలాంటి ఘోరమే జరిగింది. 13 మంది పిల్లలు పోయారు. డ్రైవర్ చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నాయన్నారు. ఆ తర్వాత బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైన్లలో కాపలా లేని రైల్వే క్రాసింగులన్నీ తీసేశారు. డ్రైవర్ల ఫోన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం చేత్తో ఫోన్ పట్టుకుని బండి నడిపితే, అది ప్రమాదకరంగా ఉన్నప్పుడు, మొదటిసారే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

ఈ సంగతి చెబితే అన్న బాధగా అన్నాడు: "ఎత్తకపోతే స్కూల్‌కి ఫోన్ సేసి కంప్లైంట్ ఇస్తారు మేడమ్. ఎత్తితే మీరు కోప్పడతారు. నానేటి సెయ్యాల?" ఆ మాటలో తప్పేమీ లేదు. పదివేల చిల్లర జీతానికి బండి నడుపుతూ, అందరి కంప్లైంట్లకీ ఆయనే జవాబు చెప్పుకోవాలి.

అందుకే ఈ నెల నుంచి మా బస్సులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బస్సు ఎక్కగానే అన్న ఫోన్ ఆయమ్మ సంచిలోకి పోతుంది. తల్లిదండ్రులకి ఆయమ్మ నంబరే ఇచ్చాం, ఎవరు చేసినా ఆవిడే మాట్లాడుతుంది. పిల్లాడు రోడ్డు దాటాక ఆవిడ "రైట్" అంటేనే బండి కదలాలి. మొదటివారం కొందరు తల్లులు విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటు పడ్డారు.

ఇంకా దారికి రానిది మా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి గారే. డీజిల్ లెక్కకీ, రేపటి ట్రిప్పుకీ బస్సు నడుస్తుండగానే అన్నకి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేస్తారు. సోమవారం స్టాఫ్ మీటింగ్ ఉంది. ఆయన ఎదురుగానే ఈ విషయం అడగబోతున్నాను.