అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు

నిర్గమకాండము 18వ అధ్యాయం మీద ప్రసంగాలు చాలా విన్నాను, నేనూ చేశాను. అందరం నేరుగా, తీర్పు తీర్చే భారం పంచుకోవడానికి మోషే పెట్టిన అధికారుల సంగతికి, వేయిమందికి ఒకడు, నూరుమందికి ఒకడు, ఏబదిమందికి, పదిమందికి ఒకడు అనే లెక్క దగ్గరికే వెళ్లిపోతాం. దానికి ముందున్న వచనాల దగ్గర నేను ఆగింది ఈమధ్యే.

మోషే మామ యిత్రో ఒంటరిగా రాలేదు. మోషే పుట్టింటికి పంపిన భార్య సిప్పోరాను, కొడుకులు గెర్షోము, ఎలీయెజెరులను వెంటబెట్టుకుని అరణ్యంలోకి వచ్చాడు. మోషే ఎదురెళ్లి మామకు వందనం చేసి ముద్దు పెట్టుకున్నాడు. ఒకరి క్షేమం ఒకరు తెలుసుకుని గుడారంలోకి వెళ్లారు. భార్యతో ఏం మాట్లాడాడో, పిల్లల్ని దగ్గరికి తీసుకున్నాడో లేదో వాక్యంలో లేదు. రాయనంత మాత్రాన జరగలేదని నేననను. కానీ ఆ తర్వాతి సంగతి మాత్రం రాసి ఉంది: మరునాడే మోషే న్యాయం తీర్చడానికి కూర్చున్నాడు. ఉదయం నుంచి సాయంకాలం దాకా జనం అతని దగ్గర నిలబడే ఉన్నారు.

మనవైపు మామగార్లు అల్లుడికి తప్పు చెప్పరు, కూతురి చెవిన వేసి ఊరెళ్లిపోతారు. యిత్రో అలా కాదు. నువ్వొక్కడివే కూర్చుని ఇంతమందిని నిలబెట్టడమేమిటని ముఖం మీదే అడిగాడు. మోషే చెప్పిన జవాబు మా దైవసేవకులందరిదీ: దేవుని తీర్పు కోసం వాళ్లే నా దగ్గరికి వస్తున్నారు. పొమ్మనడం ఎలా?

"నీవు చేయుచున్న పని మంచిది కాదు, నీవును నీతో నున్న యీ ప్రజలును నిశ్చయముగా నలిగిపోవుదురు" అన్నాడు మామ. నలిగిపోవడం అని మన బైబిల్లో ఉన్నచోట హెబ్రీలో వాడిపోవడం అనే క్రియ ఉంది. మొదటి కీర్తనలో "ఆకు వాడక" అన్నచోట ఉన్నదీ అదే. సేవకుడు వాడిపోతాడని ఎవరైనా చెప్తారు. నిలబడ్డవాళ్లు కూడా వాడిపోతారని చూసింది యిత్రో ఒక్కడే. అన్నిటికీ నేనే దొరుకుతుంటే నా సంఘానికి అలవాటయ్యేది ప్రార్థన కాదు, నాకోసం కాచుకుని కూర్చోవడం.

మా ఇంట్లో సంగతి చెప్తాను. కొత్త బండి కొంటే ప్రార్థన, బోరు వేస్తే ప్రార్థన, వీసా ఇంటర్వ్యూకి ప్రార్థన, అత్తాకోడళ్ల తగవుకీ ప్రార్థనే. సరిగ్గా కంచం ముందు కూర్చున్నప్పుడే ఫోను మోగుతుంది. అయ్యగారు తింటున్నారంటే బాగోదు, పడుకున్నారంటే అసలే బాగోదు. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా ఒకసారి ఫోనెత్తి, "నాన్న ప్రార్థనలో ఉన్నారండీ" అంది, తడుముకోకుండా. నేనప్పుడు పప్పన్నం కలుపుకుంటున్నాను. ఎవరు నేర్పారే అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ ఆదివారమే సండే స్కూల్లో అబద్ధ సాక్ష్యము పలకకూడదనే ఆజ్ఞ కంఠతా పట్టించాను.

ఆ తర్వాతే సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడాను. సోమవారం నేను ఇంటివాణ్ణి. చావో, ప్రాణం మీదికి వచ్చిన కబురో అయితే తప్ప ఫోను ఒక పెద్ద దగ్గర ఉంటుంది. రాత్రి భోజనం వేళ ఎత్తను. స్త్రీ ఒక్కతే ఉన్న ఇంటికి మా పాస్టరమ్మో, ఒక పెద్దో తోడు లేకుండా ప్రార్థనకు వెళ్లను, దీనికి వివరణ అక్కర్లేదు. కానుకల లెక్క ఇద్దరు చూస్తారు, నా చేతికి రాదు. "అయ్యగారు పెద్దోళ్లయిపోయారు" అన్నవాళ్లున్నారు. ఒక కుటుంబం వేరే మందిరానికి వెళ్లిపోయింది కూడా. ఆ బాధ ఇంకా ఉంది.

అసలు కష్టం వాళ్లతో కాదు. "అయ్యగారు చెయ్యి వేస్తేనే తగ్గుద్ది" అనే మాట వినడం నాకు ఇష్టం. అలసిపోయానని చెప్పుకుంటూనే ఆ మాట కోసం పరిగెత్తేవాణ్ణి. మోషేకీ ఇలాంటిదేమైనా ఉండేదా అన్నది నా ఊహ మాత్రమే. ముందు అధ్యాయంలోనే, రెఫీదీములో యుద్ధం జరుగుతుండగా, పైకెత్తిన అతని చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరో పక్కనా ఆనుకుని పట్టుకున్నారు. ఒక్కడివల్ల కాదని చేతులకు తెలిసింది గానీ కూర్చున్న మనిషికి తెలియడానికి మామగారు రావాల్సి వచ్చింది.

పోయినేడు మా సంఘంలో ఒక పెద్దావిడకు శుక్లాల ఆపరేషన్ సోమవారం పడింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మా సంఘ పెద్దను పంపాం. ఆయనకు ప్రసంగం రాదు, ప్రార్థన రెండు నిమిషాలు దాటదు. మర్నాడు వెళ్లేసరికి ఆవిడ ముఖం ముడుచుకుని, "మీరొస్తారనుకున్నానయ్యా" అంది. నాకు ప్రాణం చివుక్కుమంది. తర్వాత ఆవిడే చెప్పుకొచ్చింది: ఇడ్లీ తెచ్చి తినిపించాడట, గంట చూసుకుని కంట్లో చుక్కలు వేశాడట, కీర్తనలు చదవమంటే నిద్రపట్టేదాకా చదివాడట.

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"వచ్చే నెల రెండో కన్నుకి చేస్తారంట. ఆ కండక్టరుగారినే పంపండయ్యా."