పీడీ బ్యాగులో కలిపిన యాంటీబయాటిక్ మన ఎండలకి ఎన్నాళ్ళు ఆగుతుంది

కోనసీమ లంకల్లో ఉండే పిల్లలకి కిడ్నీలు పోతే వారానికి మూడుసార్లు పంటు దాటి, బస్సెక్కి, టౌన్లో రక్తం డయాలసిస్ చేయించడం అంటే ఇక బడి లేనట్టే. అందుకే కొందరికి డాక్టర్లు పొట్టలో ద్రవం నింపి తీసే పీడీ (పెరిటోనియల్ డయాలసిస్) పెడతారు, అమ్మానాన్నలే ఇంట్లో చేసుకుంటారు. నేను హాస్పిటల్ ఫార్మసీలో ఉంటాను, వీళ్ళకి మందు కలిపిన బ్యాగులు ఇచ్చేటప్పుడు నాకు ఉండే బెంగంతా ఎండ గురించే.

పీడీలో పెద్ద భయం పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్. బయటికొచ్చే నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా ఉంటే, పొట్టనొప్పి జ్వరం లేకపోయినా సరే, ఆ బ్యాగు పారబోయకుండా పట్టుకుని వెంటనే హాస్పిటల్‌కి రావాలి. ల్యాబ్‌లో మైక్రోలీటరుకి తెల్లకణాలు 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ ఉంటే దాదాపు అదే అనుకుంటారు. వైద్యం ఏంటంటే యాంటీబయాటిక్‌ని ఆ పీడీ ద్రవంలోనే కలిపి పొట్టలోకి పంపడం, ఇన్ఫెక్షన్ ఉన్నచోటికే మందు వెళ్తుంది కదా. పిల్లలకి సెఫెపిమ్, లేదంటే సెఫజోలిన్‌తో పాటు సెఫ్టాజిడిమ్, అవసరాన్ని బట్టి వాంకోమైసిన్ ఇలా వాడతారు. కోర్సు రెండు మూడు వారాలు, అన్నాళ్ళూ బెడ్ మీద ఉంచలేరు కాబట్టి కాస్త తేరుకున్నాక కలిపిన బ్యాగులు ఇంటికి వెళ్తాయి, అక్కడే మొదలవుతుంది అసలు సంగతి.

అన్ని మందులూ ద్రవంలో ఒకేలా ఆగవు. గ్లూకోజ్ ఉన్న మామూలు పీడీ ద్రవంలో వాంకోమైసిన్ లీటరుకి 25 మిల్లీగ్రాముల లెక్కన కలిపితే రూమ్ టెంపరేచర్‌లో 28 రోజులు నిలుస్తుంది, సెఫజోలిన్ బయట 8 రోజులు, ఫ్రిజ్‌లో 14 రోజులు. సెఫ్టాజిడిమ్ మాత్రం సున్నితం, బయట 4 రోజులు, ఫ్రిజ్‌లో 7 రోజులు. జెంటామైసిన్ ఎక్కడైనా 14 రోజులే గానీ హెపారిన్ (గడ్డకట్టకుండా వేసే మందు) కూడా కలిపితే ఆ గడువు తగ్గిపోతుంది. అయితే ఈ లెక్కల్లో రూమ్ అంటే సుమారు 25 డిగ్రీల గది. రోహిణి కార్తెలో మన రేకుల ఇంట్లో అలాంటి గది ఎక్కడుంటుంది చెప్పండి? సెఫలోస్పోరిన్లకి, అంటే ఈ 'సెఫ' పేరుతో మొదలయ్యే మందులకి, అందులోనూ సెఫ్టాజిడిమ్‌కి వేడి అస్సలు పడదు, వేడి పెరిగేకొద్దీ నీళ్ళలో దాని బీటాలాక్టమ్ రింగు, అంటే మందు పనిచేయడానికి కావాల్సిన భాగం, తొందరగా విరిగిపోతుంది. బ్యాగు చూస్తే తేటగానే ఉంటుంది, మందు తగ్గిందని కంటికి తెలీదు, పిల్లకి మాత్రం జబ్బు తగ్గదు.

మొన్న వేసవిలో ఒకావిడని ఫ్రిజ్ ఉందా అమ్మా అని అడిగితే, "ఆయ్, ఫ్రిజ్జయితే ఉందండి, కరెంటు ఉండాలి కదండీ" అంది. ఆ మాట నిజం, తుఫానొస్తే రోజుల తరబడి కరెంటు రాదు. అందుకే ఎండాకాలం నేను ఒకటి రెండు రోజులకి మించి బ్యాగులు కలిపి ఇవ్వను. తిరగలేం అనేవాళ్ళకి, తల్లి శుభ్రంగా చేయగలిగితే, ఏ పూటకాపూట తనే కలుపుకునేలా నర్సమ్మ దగ్గర నేర్పించడమే నయం అని నా అభిప్రాయం.

పిల్లల విషయంలో ఇంకో తిరకాసు ఉంది, డోసు లీటరుకి లెక్క, బ్యాగుకి కాదు, పొట్టలోకి వెళ్ళే దానికీ కాదు. ఉదాహరణకి 600 మిల్లీలీటర్లు పట్టే పిల్లకి 2 లీటర్ల బ్యాగు వాడుతున్నాం, లీటరుకి 125 మిల్లీగ్రాములు రాశారు అనుకోండి, బ్యాగులో 250 వెయ్యాలి. వెళ్ళేది 600 మిల్లీలీటర్లే కదా అని 75 వేస్తే చిక్కదనం లీటరుకి 37.5కి పడిపోతుంది, అంటే కావాల్సినదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. మిగిలిన ద్రవం రేపటికి దాచకూడదు, పారబోయాల్సిందే, ఎంత ఖరీదైనా సరే.

వాంకోమైసిన్, సెఫ్టాజిడిమ్ రెండూ లీటరు, ఆపైన ద్రవం ఉన్న ఒకే బ్యాగులో కలవొచ్చు గానీ ఒకే సిరంజిలోకి లాగితే విరిగిపోతాయి. విడి సిరంజిలు, విడివిడిగా పొడవాలి. బ్యాగు వెచ్చజేయడం కూడా వేడినీళ్ళలో ముంచి కాదు, ఎండలో పెట్టి అసలే కాదు, మీ యూనిట్లో నేర్పిన పొడి వేడి పద్ధతిలోనే, అదీ ఎక్కించే ముందు ఆ ఒక్క బ్యాగుకే.

ఇక తీసుకెళ్ళడం. మన దగ్గర రొయ్యలకి వాడే ధర్మాకోల్ పెట్టెలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, వాడనిది కొత్తది ఒకటి కొనుక్కోండి. ఐస్ గడ్డలు మందు బ్యాగుకి నేరుగా తగలకుండా మధ్యలో మందపాటి తువ్వాలు వెయ్యండి, గడ్డకట్టినా బ్యాగు పాడే. ఏ మందు, ఎంత, ఏ రోజు ఎన్నింటికి కలిపాం అన్నది బ్యాగు మీద మా దగ్గరే రాయించుకోండి, రాయకపోతే అడగండి, అడిగితే మాకేం కోపం రాదు.